తిమ్మప్ప చాయ్ తెచ్చిన ఆదివారం

అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఇంద్రసేన అంటే జిరాక్స్ షాపాయన. అడిగినన్ని కాపీలు తీసి, స్పైరల్ బైండింగ్ వేసి, ముఖం కూడా చూడకుండా చేతిలో పెట్టే మనిషి. ఒకప్పుడు తనూ గ్రూప్స్ రాసినవాడే. రాసి రాసి, వయసు దాటిపోయాక, చదివిన మెటీరియల్‌నే కాపీలు తీసి అమ్ముకోవడం మొదలుపెట్టాడు. ఇల్లు చిక్కడపల్లిలో. ఆ ఇంట్లో అతని మాట చెల్లే విషయం వెతికినా దొరకదు. వంట భార్య ఇష్టం, టీవీ కూతురి ఇష్టం, ఫ్యాను ఎంత తిరగాలన్నది కూడా వాళ్ళిద్దరి ఇష్టమే. అతని ఇష్టానికి మిగిలింది ఒక్క ఆదివారం మధ్యాహ్నం.

ఆ మధ్యాహ్నం అతను నారాయణగూడ వెళ్తాడు. అక్కడ ప్రహ్లాద్‌కు కళ్ళద్దాల షాపు ఉంది. ఆదివారం షట్టరు సగం దించి, పైగదిలో బల్ల తుడిచి పెడతాడు. ఇంద్రసేన, ప్రహ్లాద్, బ్యాంకులో పనిచేసే సరిత, కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పే ఉదయ్ కుమార్ కాలేజీ రోజుల నుంచి ఆ బల్ల చుట్టూనే కూర్చుంటున్నారు. ఒకటే ఆట. పెళ్ళిళ్ళయినా, తలలు నెరిసినా, మోకాళ్ళు పట్టేసినా ఆట మాత్రం మానలేదు.

ఆట చెప్పడం తేలిక. ఒకరు రెఫరీ. ఒక లోకాన్ని మాటలతో కళ్ళకు కట్టిస్తాడు. మిగతావాళ్ళు ఆ లోకంలో తలా ఒక మనిషి అవుతారు. తమ మనిషి ఏం చేస్తాడో నోటితో చెప్తారు. అయ్యేదీ కానిదీ పాచికలు తేలుస్తాయి. వాళ్ళ బల్ల దగ్గర పాచికలు అందరి కళ్ళ ముందే పడాలి. పడ్డదాన్ని మార్చకూడదు, మళ్ళీ వేయకూడదు, ఒకరి వంతులో ఇంకొకరు సలహా చెప్పకూడదు, చూడ్డానికి వచ్చినవాళ్ళు గదిలో ఉండకూడదు. పాత్ర చచ్చిందంటే చచ్చినట్టే. ఆ పాత్ర వివరాలున్న కాగితాన్ని ఆడేవాళ్ళు తమ చేత్తోనే చింపి, ఫ్లాస్కు పట్టుకుని కిందికి దిగి, సందు చివర హోటల్ నుంచి అందరికీ చాయ్ తేవాలి. ఈ మధ్య కుర్రకారు ఇదే ఆటను ఎవరూ చావకుండా మెత్తమెత్తగా ఆడుతున్నారని విని వీళ్ళు బాగా నవ్వుకున్నారు. పాతకాపులమని చెప్పుకునేవాళ్ళకు నవ్వుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

రెఫరీ ఎప్పుడూ ఇంద్రసేనే. ఏ కథ ఆడాలో ఎంచేదీ అతనే. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో రాసి ఇంటర్‌నెట్‌లో పెట్టిన కథలు దించుకుని, షాపులో గిరాకీ లేనప్పుడు చదివి, నచ్చినవాటిని తెలుగులోకి మార్చుకుని, బైండింగ్ వేసి తెస్తాడు. కథలు రెండు రకాలని అతని సిద్ధాంతం. మొదటి రకం పట్టాల కథ. ఇక్కడికి పొండి, ఇది తెండి, ఆయనతో మాట్లాడండి అని చెప్తూ ఆడేవాళ్ళను స్టేషన్ తర్వాత స్టేషన్‌కు తీసుకుపోయి, చివర బహుమానం ఇచ్చి పంపుతుంది. రెండోది బయలు కథ. ఒక చోటు, అక్కడి మనుషులు, అక్కడి ప్రమాదాలు, అంతే. ఎటు పోవాలో, అసలు పోవాలో వద్దో ఆడేవాళ్ళే తేల్చుకోవాలి. పట్టాల కథ పేరెత్తితే ఇంద్రసేన మూతి ముడిచేవాడు. జీవితంలో ఒక్క పరీక్షా దాటని మనిషికి ఈ ఒక్క విషయంలో మాత్రం ఎక్కడలేని పొగరు. బయలు కథ ఎంచడంలో హైదరాబాద్ మొత్తంలో తనంతటివాడు లేడని గట్టిగా నమ్మేవాడు.

ఉదయ్ కుమార్ పాలిటీ చెప్పేవాడు. మైకు లేకపోయినా హాలు చివరి బెంచీ దాకా వినిపించే గొంతు. అతని దగ్గర చదివినవాళ్ళు ఇప్పుడు జీపుల్లో తిరుగుతున్నారు. తను తప్పిన పరీక్షకు ఉదయ్ రాసిన నోట్సునే ఇంద్రసేన రోజూ కాపీలు తీసేవాడు. మిషన్‌లోంచి వెచ్చగా జారే ప్రతి పేజీ మీదా ఉదయ్ పేరు ఉండేది. దాన్ని కడుపుమంట అని అతను ఎన్నడూ అనుకోలేదు. కానీ అది కడుపుమంటే.

ఆటలో ఉదయ్ పాత్ర పేరు తిమ్మప్ప. దివిటీ మోసే కూలి. కత్తి పట్టడం రాదు, మంత్రం తెలియదు. మిగతావాళ్ళు వీరులనూ మాంత్రికులనూ తెచ్చి, పూడ్చిపెట్టి, కొత్తవాళ్ళను తెచ్చుకున్నారు. తిమ్మప్ప మాత్రం కాలేజీ రోజుల్లో మొదలైనవాడు మొదలైనట్టే ఉన్నాడు. కర్రతో తట్టి చూడనిదే అడుగు వేయడు. తెరవనక్కర్లేని తలుపు తెరవడు. ఎప్పుడు పారిపోవాలో అందరికంటే ముందు తెలుస్తుంది. అంతా ఉదయ్ బుర్ర. "మా ఆయనకు చాయ్ తాగుడే గాని తెచ్చుడు తెల్వదు" అని ఉదయ్ భార్య నళిని పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చెప్పుకుని నవ్వేది. ఎన్ని బయలు కథలు ఎంచినా తిమ్మప్ప చావలేదన్నది ఇంద్రసేనకు కంట్లో నలుసు.

ఉదయ్ మంచివాడని అనుకోకండి. ఒకసారి సరిత తండ్రి పోయాడు. దినాలు కాగానే ఆమె ఆటకు వచ్చింది. ఆ రోజే పాచిక వెంట్రుకవాసిలో తప్పి ఆమె పాత్ర చచ్చిపోయింది. ఇంకొక్కసారి పాచిక వేయనివ్వమని కళ్ళనీళ్ళతో అడిగింది. "ఏడిస్తే బతికేటట్టుంటే ఇంక భయమెందుకు? చింపు" అని ఫ్లాస్కు ఆమె చేతికిచ్చింది ఉదయే. ఆమె చింపి, కిందికి దిగి, చాయ్ తెచ్చింది.

అలాంటి ఉదయ్‌కు పోయినేడు పక్షవాతం వచ్చింది. పాఠం మధ్యలో బోర్డు దగ్గరే కూలబడ్డాడు. కొన్నాళ్ళకు కాలు కొంత, చెయ్యి చాలావరకు స్వాధీనంలోకి వచ్చాయి. మాట రాలేదు. ఇంకో సార్‌తో క్లాసులు నడిచాయి. నోట్సు మీద ఇంకో పేరు వచ్చింది. ఇంద్రసేన ఆ కొత్త పేరుతోనూ కాపీలు తీశాడు. పాత పేరున్న కట్టలు తూకానికి వేస్తున్నప్పుడు కాస్త హాయిగా అనిపించింది కూడా.

ఒక రోజు నళిని షాపుకు వచ్చింది. పిల్లల గుంపు తగ్గేదాకా పక్కన నిలబడి, తర్వాత కౌంటర్ దగ్గరికి జరిగింది.

"అన్నా, ఈ ఆదివారం ఆయన్ని తోల్కొస్త. పాత దోస్తులల్ల కూసుంటే మంచిదని డాక్టరు చెప్పిండు."

"తోల్కరా చెల్లె. అది గూడ అడగాల్నా?"

"అది గాదన్నా. కథ ఏది పెడ్తవు?"

ఆట ఆడని మనిషి ఎవరూ ఇంతవరకు అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. ఇంద్రసేన మిషన్ ఆపేశాడు.

"ఆయనకిప్పుడు మాట వస్తున్నది," అంది నళిని. "గని ఉదయ్ లెక్క గాదు, తిమ్మప్ప లెక్క. అన్నం తిన్నవా అంటే, తిమ్మప్ప తిన్నడు అంటడు. నిద్రొస్తున్నదా అంటే, తిమ్మప్పకు నిద్రొస్తున్నది అంటడు. నేను ఎవరని అడిగితే, తిమ్మప్ప ఇంటామె అన్నడు. గంతకు మించి ఒక్క ముక్క రాదు. తిమ్మప్ప పోతే మా ఇంట్ల మాటే పోతది అన్నా."

"ఎందుకు పోతడు? నేనున్న గద."

"ఒక్కటే తొవ్వ ఉన్న కథ పెట్టు. ఎటు పోవాల్నో అండ్లనే చెప్పాలె. రెండు అంగీలు చూపిచ్చి ఏది తొడుక్కుంటవ్ అంటే ఏడుస్తడు. గట్లనే నిలబడి ఏడుస్తడు. ఒక్కటి చేతిల పెట్టి తొడుక్కో అంటే చిన్నపోరని లెక్క తొడుక్కుంటడు."

ఇంద్రసేన నవ్వాడు. తనకు బాగా తెలిసిన విషయంలో తెలియనివాళ్ళు మాట్లాడినప్పుడు నవ్వే నవ్వు. "గవి పిల్లలాడే కథలు చెల్లె. ఉదయ్‌కు నామోషీ."

"నామోషీ అయ్యేటంత తెలివుంటే నేనెందుకొస్త?"

"నువ్వు పరేషాన్ గాకు. తిమ్మప్పకు ఏం గానియ్య. నాది జిమ్మ."

ఆమె వెళ్ళాక అతను వెతికాడు. పట్టాల కథ ఒకటి అతని కంప్యూటర్‌లో ఉండనే ఉంది. రాణిగారి పల్లకిని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చాలి. ప్రతి మలుపులో ఎవరో ఒకరు ఎదురొచ్చి ఇటు పొమ్మంటారు. దొంగలు వస్తారు, కాసేపు అరిచి పారిపోతారు. చివర రాణిగారు అందరి మెడలో దండలు వేస్తుంది. దివిటీ మోసేవాడికి అంతకంటే మంచి కొలువు ఉండదు. అతను దాన్ని ప్రింటు కూడా తీశాడు. తీశాక ప్రహ్లాద్ ముఖం గుర్తొచ్చింది. ఏందిరా, పాతకాపులకు పల్లకి మోపిస్తున్నవా అని ప్రహ్లాద్ నవ్వబోయే నవ్వు ముందే వినిపించింది. ప్రింటు తీసిన కాగితాలను వెనక్కి తిప్పి రఫ్ పేపర్ దొంతరలో పెట్టాడు.

బదులుగా ఉప్పుకోట ఎంచాడు. సముద్రం ఒడ్డున పాడుబడ్డ కోట. లోపల ఒకరికొకరు పడని రెండు ముఠాలు, నేల కింద దారులు. ఎటు నుంచైనా లోపలికి పోవచ్చు, ఎటు నుంచైనా బయటికి రావచ్చు. ఎక్కడా ఎవరినీ చంపి తీరాలని లేదు. భయమేస్తే వెనక్కి తిరగవచ్చు, లేదంటే అసలు లోపలికే పోకుండా బయట కూర్చోవచ్చు. ఇంతకంటే దయగల కథ ఉండదని ఇంద్రసేన తనకు తాను చెప్పుకున్నాడు. పట్టాల కథలో దారి మూసుకుపోతే చావే, బయలు కథలో పదిదారులు ఉంటాయి, ఉదయ్‌కు ఏదో ఒకటి దొరక్కపోదు అని లెక్క వేశాడు. ఏళ్ళ తరబడి ఈ ఆట ఆడి తలపండినవాడికి తప్ప ఇలాంటి లెక్క తోచదు. రెండు అంగీల సంగతి విన్నాడు, కానీ చెవిన పెట్టలేదు.

ఆదివారం నళిని మొగుణ్ణి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, బల్ల దగ్గర కూర్చోబెట్టి, చొక్కా గుండీ సరిచేసి కిందికి దిగిపోయింది. గది కట్టుబాటు ఆమెకు తెలుసు. షాపులో గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చుంది.

మొదట అంతా బాగానే నడిచింది. సరిత పాత్ర ముందు నడిస్తే తిమ్మప్ప వెనక నడిచాడు. కోట గుమ్మం దగ్గర చీకటి అని ఇంద్రసేన చెప్పగానే ఉదయ్ నిటారుగా కూర్చున్నాడు. "తిమ్మప్ప దివిటీ ముట్టిచ్చిండు," అన్నాడు. గొంతు బలహీనంగా ఉంది కానీ ఆ గొంతే. సరిత కళ్ళు తుడుచుకుంది. ప్రహ్లాద్ వీపు తట్టాడు. ఇంద్రసేనకు గర్వంగా అనిపించింది. ఎంచితే ఇలా ఎంచాలి అనుకున్నాడు.

కానీ బయలు కథలో ఎవరి దారి వాళ్ళది. కాసేపటికి ప్రహ్లాద్ పాత్ర ఒక ముఠాతో బేరానికి పోయింది. సరిత పాత్ర బురుజు ఎక్కడం మొదలుపెట్టింది. తిమ్మప్ప నేల కింద నాలుగు దారులు కలిసే చోట దివిటీతో ఒక్కడే మిగిలాడు.

"ఉదయ్, నీ వంతు," అన్నాడు ఇంద్రసేన. "ఎడమకు మెట్లు కిందికి దిగుతున్నయ్, నీళ్ళ చప్పుడు వస్తున్నది. కుడికి తలుపున్నది. ఎదురుంగ గాలి కొడుతున్నది. ఏం జేస్తవ్?"

ఉదయ్ ఎడమకు చూశాడు, కుడికి చూశాడు, మళ్ళీ ఎడమకు చూశాడు. వాళ్ళ ఆటలో ఆలస్యానికీ శిక్ష ఉంది. దివిటీ కాలిపోతూ ఉంటుంది. ఊరికే నిలబడ్డ ప్రతిసారీ రెఫరీ ఒక పాచిక వేయాలి. ఒకటి పడితే చీకట్లోంచి ఏదో వస్తుంది. ఇంద్రసేన వేశాడు. ఒకటి పడలేదు.

పాపం సాయం చేద్దామని దారులు పెంచాడు. "ఎనకకు గూడ పోవచ్చు ఉదయ్. లేకుంటే దివిటీ ఆర్పి మూలకు కూసోవచ్చు. సరితను పిలవొచ్చు. గోడకు సందున్నది, అండ్ల దాసుకోవచ్చు. ఏదైనా నీ ఇష్టమే."

ఒక్కొక్క దారి చెప్తున్నకొద్దీ ఉదయ్ ముఖం పాలిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. వేళ్ళు కాగితం అంచును నలపసాగాయి. నా ఎనక రా అనడానికి సరిత నోరు తెరిచింది. ప్రహ్లాద్ బల్ల మీద వేలితో కొట్టాడు. "సలహా లేదు సరితా." ఇంద్రసేన మళ్ళీ వేశాడు. బల్ల మధ్యలో అందరి కళ్ళ ముందు ఒకటి పడింది.

"చీకట్ల నుంచి కుక్కలు వస్తున్నయ్," అన్నాడు ఇంద్రసేన. "ఉరుకుతవా? దివిటీతోని బెదిరిస్తవా? సందుల దూరుతవా?"

ఉదయ్ తల ఎత్తాడు. ఎవరివైపూ కాదు, సూటిగా ఇంద్రసేన వైపే చూశాడు. పెదవులు చాలాసేపు కదిలాయి.

"సేనా," అన్నాడు. "నేను... ఏం జెయ్యాలె?"

పోయినేడు బోర్డు దగ్గర పడిపోయాక ఆ మనిషి తిమ్మప్పగా కాక ఉదయ్‌గా మాట్లాడిన మొదటి మాట అది. అది గదిలో అందరికీ తెలిసింది. సరిత చెయ్యి నోటి మీదికి పోయింది. ఉరుకు అని ఒక్క మాట అంటే చాలు. కాలు సరిగా రాని మనిషి కూడా ఆ మాటకు ఉరికేవాడు.

ఇంద్రసేనకు ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. రాగానే ఇంకోటి కూడా వచ్చింది. హాలు చివరి బెంచీ దాకా వినిపించే గొంతు, జీపుల్లో తిరిగే శిష్యులు, పేజీ పేజీ మీదా పేరు ఉన్న మనిషి ఇప్పుడు జిరాక్స్ షాపాయన్ని దారి అడుగుతున్నాడు. అది తియ్యగా ఉంది. ఉందని అతనికి తెలుసు. తెలిసినందుకు సిగ్గుపడి, ఆ సిగ్గును దాచుకోవడానికి కట్టుబాటును అడ్డం తెచ్చుకున్నాడు.

"అది నేను చెప్పరాదు ఉదయ్," అన్నాడు.

పాచికలు పడ్డాయి. కుక్కలు తిమ్మప్పను చంపేశాయి. దివిటీ ఆరిపోయిందని కూడా ఇంద్రసేన చెప్పాడు. చెప్పకపోయినా సరిపోయేది.

"మళ్ళొక్కసారి ఎయ్యి సేనా," అంది సరిత.

"నీ అప్పుడు ఎయ్యనిచ్చిండా?" అన్నాడు ప్రహ్లాద్. అతని ఎనిమిది మంది వీరులను తిమ్మప్ప దివిటీ వెలుతురులోనే పూడ్చారు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో విచారమేమీ లేదు. సరిత ఏదో అనబోయింది. తండ్రి పోయిన నెల, చేతికొచ్చిన ఫ్లాస్కు గుర్తొచ్చాయేమో, తల దించుకుంది. ఇద్దరూ తనవైపు చూడటం లేదని ఇంద్రసేన గమనించాడు. తేల్చాల్సింది తనే.

"చింపు ఉదయ్," అన్నాడు.

ఉదయ్ ముఖం తేటపడింది. ఎట్టకేలకు ఎవరో అతనికి ఒక్కటే పని చెప్పారు. కాగితాన్ని మధ్యకు మడిచి, మడత మీద గోరు రాసి, శుభ్రంగా రెండు ముక్కలు చేశాడు. ఆ రెండింటినీ మళ్ళీ రెండు చేశాడు. చక్కగా ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

"ఫ్లాస్కు తీస్కో. చాయ్ పట్కరా."

అదీ ఒక్కటే పని. ఉదయ్ లేచి, ఫ్లాస్కు తీసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

ఇంద్రసేన కిటికీలోంచి చూశాడు. సగం దించిన షట్టరు కింద నుంచి ముందు ఫ్లాస్కు, తర్వాత ఉదయ్ బయటికి వచ్చారు. వెనకాలే నళిని పరుగున వచ్చింది. మొగుడి చెయ్యి పట్టుకోబోయి ఫ్లాస్కు చూసి ఆగిపోయింది. ఎవరూ ఆమెకు ఏమీ చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్ళూ తన మొగుడు ఒక్కసారీ చాయ్ తేలేదని చెప్పుకుని నవ్వింది ఆమే. తల ఎత్తి కిటికీ వైపు చూసింది. ఇంద్రసేన పక్కకు జరిగాడు.

ఇద్దరూ కలిసే పైకి వచ్చారు. గదిలోకి బయటివాళ్ళు రాకూడదని ఆ రోజు ఎవరూ అనలేదు. ఉదయ్ ఒక చుక్క కింద పడకుండా కప్పుల్లో చాయ్ పోశాడు. ఒక్కొక్కటి అందరి ముందూ పెట్టాడు. పెట్టి, చెప్పిన పని అయిపోయింది కాబట్టి చేతులు వేలాడేసి నిలబడ్డాడు.

నళిని ఎవరినీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఇంద్రసేనకు కాస్త తేలికయ్యేది. ఆమె మొగుడి దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగింది.

"నువ్వు తాగినవా చాయ్?"

ఉదయ్ నోరు తెరిచాడు. రోజూ ఇంట్లో వచ్చే జవాబు పెదవుల దాకా వచ్చింది. అతని చూపు బల్ల మీద పేర్చిన కాగితం ముక్కల మీద పడింది. కాసేపు వాటినే చూసి, నోరు మూశాడు.

"తిమ్మప్ప తాగిండా?" అని ఆమె మళ్ళీ అడిగింది.

ఉదయ్ ముక్కల అంచులను వేలితో సరిచేశాడు. చాయ్ మీద మీగడ కట్టింది. ప్రహ్లాద్ గొంతు సవరించుకుని, వంతు ఎవరిదని అడిగాడు. నాది అని సరిత తల ఎత్తకుండానే అంది. ఇంద్రసేన కప్పు తీసుకుని ఒక గుక్క తాగాడు.

"బురుజు మీదికి చేరినవ్ సరితా," అన్నాడు. "ఏం జేస్తవ్?"

నళిని ఇంకా మొగుడి నోటి వైపే చూస్తూ నిలబడి ఉంది.